నీళ్ళ వెంబడి నడిచిన దావ

శ్రీశైలానికి రోడ్డు లేని కాలం సంగతి అడిగితిరి కదా, చెప్తా. ఇట్ల దగ్గరికి జరగండి. పొగ మొకానికి కొడితే పక్కకు తిరుగు అబ్బీ, లేసి పోవద్దు. చెప్పాల్సింది శానా ఉంది.

ఇప్పుడు ఆత్మకూరులో బస్సెక్కితే దోర్నాల మీదుగా ఘాటు రోడ్డెక్కి పూటలోపల మల్లన్న గుడి ముందర దిగుతారు. మా కాలంలో కాలినడకే. ఆత్మకూరు నుంచి వెంకటాపురం, ఆడినుంచి నాగలూటి, పెద్దచెరువు, మఠంబావి, భీముని కొలను, కైలాసద్వారం. అది దాటినాక హటకేశ్వరం, ఆ తర్వాత గుడి. ఈ పేర్లన్నీ మా జేజికి వరస తప్పకుండా వస్తాండె. చదువు రాని మనిషి. అయినా ఏ మజిలీ కాడ నీళ్ళు ఏ నెలదాకా ఉంటాయో, బండ ఏ పక్కనుంచి దిగాలో, యాడ తాగాల, యాడ తాగగూడదో అన్నీ చెప్తాండె. ఆమె లెక్కలో దావ అంటే ఒక నీళ్ళ కాడినుంచి ఇంకో నీళ్ళ కాడికి నడిచేదే. మధ్యలో ఉండే కొండ ఎంత పెద్దదైనా ఆమె లెక్క పెట్టేది కాదు.

నల్లమల అంటే వానకాలం ఫోటోలు చూసి మీరు పచ్చని అడవి అనుకుంటారు. శివరాత్రి నుంచి ఉగాది దాకా చూడాల ఆ కొండల్ని. వానలు పోయినాక వంకలు ఒకటొకటే ఆగిపోతాయి. మాఘం దాటేకల్లా వంకలో ఇసక, గుండ్లు తప్ప ఏమీ మిగలదు. చెట్లు ఆకు రాల్చేస్తాయి. బోదగడ్డి ఎండిపోయి నడుమెత్తున నిలబడి ఉంటాది, గాలి కొడితే గలగలమంటాది. వాలు మీద ఆ గడ్డి పడిపోయి ఉంటే చెప్పు నిలవదు, జర్రున జారుతాది. మధ్యాన్నానికి బండ పెనం మాదిరి కాలుతాది. మోదుగ చెట్టు ఒక్కటే ఎర్రగా పూసి కనపడతాది. తపసి చెట్టయితే ఆకు అన్నది లేకుండా తెల్లని మానుతో నిలబడి ఉంటాది. దాని బెరడు పలచగా పొరలు పొరలుగా లేస్తాది. గాటు పడిన చోట బంక ఊరి, కారి, గడ్డకట్టి ఉంటాది. వేలితో ఒత్తితే బయట గట్టిగా, లోపల మెత్తగా ఉంటాది. చెంచులు ఆ బంక తీసి అమ్ముకోని ఉప్పు, బియ్యం తెచ్చుకుంటాండ్రి.

బయల్దేరేముందు ఇంట్లో వారం నుంచి పని. జొన్నరొట్టెలు పలచగా తట్టి, ఎండబెట్టి, గుడ్డలో చుడతాండ్రి. పది దినాలైనా బూజు పట్టవు. శెనక్కాయల పొడి, ఎండు మిరప్పొడి, చింతపండు, బెల్లం, వేంచిన శెనగలు, ఉల్లిగడ్డలు. ఉల్లిగడ్డ లేకుండా ఎండలో కొండెక్కనిచ్చేది కాదు మా జేజి. నీళ్ళకు ఎండు సొరకాయ బుర్ర. దాని మూతికి తాడు కట్టి భుజానికి తగిలించుకుంటే రోజంతా నీళ్ళు సల్లగా ఉంటాండె. కప్పుకోనికి ఒక కంబళి. పగలు అంత కాలే కొండ తెల్లారుజామున ఎముకలు కొరికేంత చలి పెడతాది. కొండల్లో ఎండకాలం పోయే మీరు దుప్పటి లేకుండా పోతామంటే నేను ఒప్పుకోను.

రెండో కోడి కూసేకల్లా నడక మొదలు. పొద్దు నడినెత్తికి రాకముందే నీడ చూసుకోని పడుకోవాల. మళ్ళీ పొద్దు వాలినాక నడక. చీకటి పడకముందే మజిలీ చేరాల. ఇంతే నియమం. ఎండలో నడిచేది గొప్ప అనుకునే కుర్రోళ్ళను పెద్దోళ్ళు చెవి మెలేసి కూచోబెడతాండ్రి.

నాగలూటి కాడ వీరభద్రస్వామి గుడి ఉంది. ఆడ టెంకాయ కొట్టి, స్వామికి చెప్పుకోని కొండెక్కుతాండ్రి. రాతిమెట్లు ఆడినుంచే మొదలు. ఆ మెట్లు చూసినారా మీరు? ఒక్కొక్క బండ మనిషి పడుకునేంత పొడుగు. నడుమ భాగం అరిగి పల్లం పడింది. ఎన్ని లక్షల పాదాలు పడితే రాయి అట్ల అరుగుతాది! రెడ్డిరాజుల్లో మొదటాయన ప్రోలయ వేమారెడ్డి. 1325 ప్రాంతంలో అద్దంకి రాజధానిగా రాజ్యం మొదలుపెట్టినాడు. శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించినాడని ఆయన శాసనాల్లో ఉంది. ఆయన ఆస్థానంలోనే ఎర్రన ఉండె, భారతం పూర్తి చేసినాయన. అవతల పక్క గుడి కాడినుంచి పాతాళగంగకు దిగే మెట్లు విజయనగరం రెండో హరిహరరాయల రాణి విఠలాంబ కట్టించింది. యుద్ధాలు చేసిన రాజులు ఎందరో ఉన్నారు. ఎండకొండ మీద నడిచేవాళ్ళ కాళ్ళ గురించి ఆలోచన చేసిన రాజులు తక్కువ. అందుకే ఆ ఇద్దరి పేర్లు మీకు తెలియాలంటాను.

ఈ దావన పోయినాయన ఇంకొకరు ఉన్నారు. ఏనుగుల వీరాస్వామయ్య. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరినాడు. దావలో శ్రీశైలం చూసిపోదామని ఆత్మకూరు వచ్చి, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగానే కొండెక్కినాడు. ఆయన కాశీయాత్ర చరిత్ర చదవండి. కందనూరు నవాబు మనుషులు యాత్రికుల కాడ సుంకం వసూలు చేసే సంగతి కూడా అందులో ఉంది. మా జేజి చెప్పిన మజిలీలు, ఆయన రాసిన మజిలీలు ఒకటే. నూరేండ్లకు పైన గడిచినా మజిలీ మారలేదంటే, నీళ్ళు మారలేదు కాబట్టి.

నాగలూటి మెట్లెక్కి పైకి పోయినాక దావ కొంచెం సాఫీగా ఉంటాది. అడవి నడుమ పెద్దచెరువు. వానలు బాగా పడిన ఏడు చెరువు నిండా తామరలు. కరువు ఏడు ఉగాదికి అంచులు చీలిపోయి, నడుమ ఒక మడుగు మిగిలి ఉంటాండె. పక్కనే చెంచుగూడెం. మల్లన్న వాళ్ళకు అల్లుడు. చెంచు మల్లయ్య అని పిలుస్తారు, తమ ఇంటి ఆడబిడ్డను చేసుకున్నాడని. అల్లుడిని చూడనీకి వచ్చే మనుషులం కాబట్టి మమ్మల్ని కూడా సొంతవాళ్ళ మాదిరే చూస్తాండ్రి. దావ చూపిస్తారు, రాత్రి కాపలా ఉంటారు. మేము ఇచ్చే పైకం, రొట్టెలు, పొగాకు తీసుకుంటారు. వాళ్ళు లేకుంటే ఆ దావలో పిల్లాజెల్లాతో పోయేవాళ్ళు ఎవరూ లేరు.

ఒక కరువు ఏడు పెద్దచెరువు నీళ్ళు తాగనీకి లేకుండా పచ్చగా తిరిగిపోయినాయి. మా గుంపులో ఆడోళ్ళు బుర్రలు పట్టుకోని దిక్కు తెలియకుండా కూచున్నారు. గూడెం నుంచి ఒక ముసలి చెంచాయన వచ్చి చూసి, ఏమీ మాట్లాడకుండా వంక పట్టుకోని నడిచినాడు. నేను ఆయన వెంబడి పోతి. వంకలో ఇసక తెల్లగా ఎండిపోయి ఉంది. ఆయన వంక వంపు తిరిగే చోట బయటి గట్టు కింద నిలబడినాడు. పక్కనే ఏరుమద్ది చెట్టు, ఆకు ఇంకా పచ్చగా ఉంది. ఎదురు గట్టు మీద గువ్వలు రెండు కూచోని ఉన్నాయి. ఆయన కూచోని చేతుల్తో ఇసక తోడినాడు. మోచెయ్యి లోతుకు ఇసక రంగు మారింది. ఇంకొంచెం తోడితే తడి తగిలింది. అప్పుడు తోడేది ఆపి, గుంత చుట్టూ చిన్న గుండ్లు పేర్చినాడు, ఇసక లోపలికి జారకుండా. నన్ను కూచోమని సైగ చేసినాడు. శానాసేపు కూచున్నాం. అడుగున నీళ్ళు మెల్లగా ఊరినాయి, మొదట బురదగా. ఆ నీళ్ళు దోసిట్లో తీసి పక్కన పారబోసినాడు. రెండోసారి ఊరినవీ పారబోసినాడు. మూడోసారి ఊరిన నీళ్ళు తేటగా ఉన్నాయి. అప్పుడు నా బుర్ర అడిగినాడు. ఆకును దొన్నె మాదిరి మడిచి, ఒక్కొక్క దొన్నె తీసి బుర్రలో పోసినాడు. గుంపుకంతా సరిపోయేకల్లా పొద్దు గుంకింది. పోయేటప్పుడు ఆ చెలమ పూడ్చలేదు. రాత్రికి జంతువులు తాగుతాయి, ఉండనీ అన్నాడు.

ఎందుకు బయటి గట్టు కిందే తోడినావని అడిగితి. వాన నీళ్ళు వంపు తిరిగేటప్పుడు ఆ గట్టునే కొట్టి లోతు చేస్తాయి, కాబట్టి ఇసక కింద కడపటి నీళ్ళు ఆడే దాగి ఉంటాయి అన్నాడు. చెట్టు పచ్చగా ఉందంటే దాని వేరు ఆ నీళ్ళల్లో ఉన్నట్లే. గువ్వలు సందెపొద్దుకు నీళ్ళ కాడికి రాకుండా ఉండలేవు. ఈ మూడు చూసి ఆయన కూచున్నాడు. ఇసక తోడేముందు శానా చూసినాడన్న మాట.

చెంచులకు నీళ్ళ మీద కట్టడి ఉంటాండె. మొదటి మడుగు తాగనీకి మాత్రమే. అందులో కాలు పెట్టగూడదు, గుడ్డ ముంచగూడదు. స్నానం కింది మడుగులో. చీకటి పడినాక నీళ్ళ పక్కన ఎవరూ పడుకోగూడదు, నూరు అడుగులైనా ఎడంగా పడుకోవాల. ఆ పొద్దు కణుతులు, దుప్పులు, ఎలుగులు వస్తాయి. వాటి వెనక చిరుత కూడా వస్తాది. ఉగాది ముందర ఇప్ప పూలు రాలే కాలం కూడా. ఇప్ప చెట్టు కింద పడుకున్నోడు రాత్రికి ఎలుగుతో కలిసి పడుకున్నట్లే. మా పెద్దోళ్ళు మజిలీ వేసేముందు తల పైకెత్తి చెట్టు చూసి పడక పరుస్తాండ్రి.

నెగడు వేసేటప్పుడు కూడా చూడాల్సింది ఉంది. ముందు చుట్టూ గడ్డి పీకి, ఆకులు ఊడ్చి, నేల కనపడేటట్లు చేస్తాండ్రి. తెల్లారి పోయేటప్పుడు ఇసకతో పూడుస్తాండ్రి. ఎండిన బోదగడ్డికి నిప్పు తగిలితే కొండకు కొండే పోతాది.

ఉగాది దినాల్లో ఈ దావంతా కన్నడోళ్ళే. బిజాపూరు, బాగలకోట దిక్కులనుంచి, ఇంకా పైన షోలాపూరు దిక్కునుంచి వందల మైళ్ళు నడుచుకుంటూ వస్తాండ్రి. ఇప్పుడూ వస్తున్నారు. కంబి భుజాన పెట్టుకోని, మల్లయ్యా మల్లయ్యా అంటూ. కొందరు మరకాళ్ళ మీద నడుస్తారు. నడిచే మనిషికే కష్టమైన మెట్ల మీద మరకాళ్ళతో ఎక్కుతాంటే చూసేవాళ్ళకు ఊపిరి ఆగుతాది. భ్రమరాంబ వాళ్ళకు ఆడపడుచు. చీర, రవిక, పసుపు, కుంకుమ మూటకట్టుకోని పుట్టింటి సారె తెచ్చినట్లు తెస్తారు. 12వ శతాబ్దంలో అక్కమహాదేవి కూడా ఆ దేశం నుంచే కళ్యాణం మీదుగా మల్లికార్జునుడిని వెతుక్కుంటూ ఇంత దూరం నడిచి వచ్చింది. ఒంటరి ఆడమనిషి, ఆ కాలంలో, ఈ అడవికి. వాళ్ళ నడకకు అంత పాత వేరు ఉంది. మాకు వాళ్ళ మాట సగం తెలుస్తాండె, సగం తెలియదు. వాళ్ళ రొట్టె మేము తింటిమి, మా బెల్లం వాళ్ళు తినిరి.

మఠంబావి కాడ ఎక్కువసేపు ఆగే పని లేదు. నీళ్ళు పట్టుకోని ముందుకు పోవడమే. అసలు కష్టం భీముని కొలను కాడ. దావ ఒక్కసారి లోయలోకి దిగిపోతాది. రెండు పక్కలా నిట్టనిలువు కొండ. మెట్లు దిగేకొద్దీ గాలి మారిపోతాది, ఎండ వాసన పోయి తడి వాసన వస్తాది. కింద బండల నడుమ కొలను. పాండవులు వచ్చినప్పుడు దప్పికయితే భీముడు గదతో కొట్టి నీళ్ళు తెప్పించినాడని చెప్తారు. ఎంత ఎండలో పోయినా ఆడ నీళ్ళు సల్లగా ఉంటాయి. వాన నీళ్ళు పైనున్న గట్టి రాతి పగుళ్ళలో దిగి, ఇంకి, నెలల తర్వాత లోయలో బండ సందుల్లోంచి ఊరతాయి. వాన పోయినా కొండ కడుపులో నీళ్ళు కొన్నాళ్ళు నిలబడతాయి. ఆ నిలబడిన నీళ్ళ మీదే ఈ యాత్రంతా నడిచింది.

కొలను దాటితే కైలాసద్వారం ఎక్కుడు. కింద నిలబడి చూస్తే మెట్లు ఆకాశంలోకి పోయినట్లు కనపడతాయి. అందుకే అందరూ రాత్రి కొలను దిగువన ఎడంగా పడుకోని, చుక్కలుండగానే ఎక్కుతాండ్రి. ఒక ఏడు ఒక కన్నడ పెద్దాయన, గుంపునుంచి వెనకబడి, ఎండ ముదిరినాక ఒంటరిగా ఎక్కనీకి మొదలుపెట్టినాడు. సగం మెట్ల కాడ కూలబడినాడు. ఒళ్ళు కాలిపోతాంది, చెమట లేదు. మా జేజి ఆయనను బండ నీడకు లాగించి, తల మీద, గుండె మీద తడిగుడ్డ వేసింది. కంబళితో విసరమని నాకు చెప్పింది. నీళ్ళు తాపిస్తామని బుర్ర ఎత్తినవాళ్ళ చెయ్యి పట్టుకోని ఆపింది. తెలివి తప్పిన మనిషికి నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయని ఆమెకు తెలుసు. కండ్లు తెరిచి, పేరు చెప్పినాక, అప్పుడు గుక్క గుక్క తాపించింది, కొంచెం ఉప్పు కలిపి. పొద్దు వాలేదాకా ఆయనను కదలనీయలేదు. మా గుంపులో సగం మంది ఆయన కోసం ఆగిపోయినారు. ముందర పోదామని ఒక్కరు కూడా అనలేదు. ఆ దావలో అది మర్యాద.

పైకెక్కితే రాతిద్వారం. ఆడికి చేరిన ప్రతి మనిషీ ఒకసారి వెనక్కి తిరిగి చూస్తాడు. లోయ, దాని అవతల గట్లు, వాటి వెనక ఇంకా గట్లు. ఇంత దూరం నడిచినామా అనిపిస్తాది. ఆడినుంచి దావ సాఫీ. హటకేశ్వరం చేరేకల్లా గుడి శంఖం వినపడతాదని మా జేజి అంటాండె. ముసలివాళ్ళు ఆ సాఫీ నేల మీద ఏడుస్తాండ్రి, ఎక్కేటప్పుడు ఏడవనోళ్ళు.

తర్వాత రోడ్డు పడింది. బస్సులు వచ్చినాయి. 1963లో నెహ్రూ వచ్చి శ్రీశైలం ప్రాజెక్టుకు పునాదిరాయి వేసినాడు. డ్యాము నిండినాక పాతాళగంగ మెట్లలో కింద భాగం నీళ్ళల్లోకి పోయింది. 1983లో ఈ అడవంతా ప్రాజెక్టు టైగరు కిందికి వచ్చింది. ఇప్పుడు మామూలు దినాల్లో ఆ దావన అడుగు పెట్టనీయరు. శివరాత్రికి, ఉగాదికి మాత్రం వదులుతారు. అది మంచిదే అంటాను నేను. ఏడాది పొడుగునా మనుషులు తిరిగితే ఆ నీళ్ళు మిగలవు, పులి మిగలదు. బాధపడే సంగతి ఒకటుంది. వదిలే ఆ నాలుగు దినాల్లోనే మెట్ల పొడుగునా ప్లాస్టిక్కు సీసాలు, అన్నం పొట్లాల కవర్లు. భీముని కొలనులో సబ్బు నురగ. చెంచోళ్ళు పిల్లలతో కలిసి తర్వాత వాటిని ఏరుకుంటున్నారు. మల్లన్న పేరు చెప్పి నడిచేవాళ్ళు ఆయన అత్తగారింటి నీళ్ళు చెడగొట్టడం నాకు మింగుడు పడదు.

మీరు ఈ శివరాత్రికి పోతామంటున్నారు కదా. పోండి, పోవాల్సిందే. వెంకటాపురం నుంచి తెల్లారకముందే కదలండి. నాగలూటి మెట్లు ఎండ రాకముందే ఎక్కేయండి. మనిషికి ఒక దుప్పటి, ఉల్లిగడ్డలు, ఉప్పు, బెల్లం పెట్టుకోండి. నీళ్ళ సీసా ఒకటే తీసుకోని మజిలీ మజిలీకి నింపుకోండి, ఖాళీ సీసా తిరిగి ఇంటికి తేవాల. కొలనులో మొదటి మడుగులో దిగొద్దు. పెద్దచెరువు కాడ చెంచోళ్ళ ఇంటికి పోయి కూచోండి, దావ అడగండి, వాళ్ళు వద్దన్న చోట పడుకోవద్దు. వెనకబడిన మనిషి కనపడితే ఆగండి. రాత్రి కొలనుకు ఎడంగా ఆగి, కైలాసద్వారం చీకట్లోనే మొదలుపెట్టండి. అగ్గిపెట్టె ఇంట్లోనే పెట్టి పోండి.